కోవళంలో తొలి స్కూబా డైవ్: కొలను పాఠానికి పూర్తి మార్కులు, కౌంటరుకు మాత్రం కావు

చెన్నైలో ఉండే తెలుగు కుటుంబాల ఇంటికి వేసవి సెలవుల్లో బంధువులు దిగితే మెరీనా, టీనగర్, మహాబలిపురం చూపించి పంపడం ఆనవాయితీ. ఈసారి విజయవాడ నుంచి వచ్చిన మా బావగారూ, ఆయన పదమూడేళ్ల కొడుకూ అవేవీ వద్దని, ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద కోవళం దగ్గరున్న ఒక డైవింగ్ కేంద్రంలో స్కూబా డైవింగ్ చేయాలని పట్టుబట్టారు. వారితో పాటు నా పేరు కూడా రాయించాను. తలకు ఆరు వేల రూపాయల పైచిలుకు తీసుకున్నారు. ఉదయం కొలనులో శిక్షణ, ఆ తరువాత పడవ మీద వెళ్లి సముద్రంలో ఒక డైవ్, పరికరాల అద్దె అందులోనే కలిసి ఉన్నాయి. వీడియోకు వేరే చెల్లించాలన్న సంగతి పడవ ఎక్కిన తరువాత తెలిసింది.

ఇలాంటి సేవను కనిపించిన చేపల లెక్కతో తూచడం న్యాయం కాదని నా అభిప్రాయం. చేపలు కనబడడం, నీరు తేటగా ఉండడం డబ్బు తీసుకున్నవారి చేతిలో లేని విషయాలు. మనిషిని నీటిలోకి దించే ముందు ఏం అడిగారు, ఏం నేర్పారు, ఎలాంటి పరికరం తొడిగారు అన్నవి మాత్రం పూర్తిగా వారి చేతిలోనివే కనుక, ఈ సమీక్షలో నేను ప్రధానంగా చూసింది వాటినే.

ముందు అడగవలసినదాన్ని అడిగిన తీరు బాగాలేదు. ఆస్తమా, మూర్ఛ, గుండె జబ్బు, చెవి ఆపరేషన్, గర్భం వంటి వివరాలు కోరే ఆరోగ్య పత్రాన్ని డబ్బు కట్టించుకున్నాక, కౌంటరు దగ్గర నిలబెట్టి చేతికిచ్చారు. మా బావగారికి నలభై అయిదు దాటింది, రక్తపోటుకు రోజూ మాత్ర వేసుకుంటారు. అలాంటివారు వైద్యుడి సంతకం తేవాలని ఆ పత్రంలోనే ఉంది. ఆయన ఆ మాట ఎత్తగానే కౌంటరులో ఉన్న వ్యక్తి, "అన్నిటికీ కాదని టిక్ పెట్టేయండి సార్, అందరూ అలాగే పెడతారు" అని పెన్ను చేతికిచ్చాడు. ప్రాణానికి సంబంధించిన పత్రాన్ని సినిమా హాలు టోకెన్‌లా చూసే ఈ ధోరణికి నేను ఒక్క మార్కు కూడా వేయలేను. బావగారు నిజమే రాశారు. శిక్షకుడు దాన్ని చదివి, సంతకం లేనిదే కొలనులోకి కూడా దించనని ఖండితంగా చెప్పాడు. అతడు చేసింది ముమ్మాటికీ సరైన పని. డబ్బు వెనక్కి ఇమ్మంటే మాత్రం కౌంటరులో ససేమిరా అన్నారు. చివరికి ఆరు నెలల్లోగా వాడుకోవలసిన కూపన్ ఒకటి చేతిలో పెట్టారు. విజయవాడలో కాపురం ఉంటున్న మనిషికి కోవళం కూపన్!

కొలనులో గడిచిన గంటన్నర మాత్రం ఖర్చుకు పూర్తి న్యాయం చేసింది. శిక్షకుడు విశాఖపట్నం కుర్రాడు. మేం తెలుగులో మాట్లాడుకోవడం విని, అప్పటిదాకా ఇంగ్లీషూ తమిళమూ కలిపి చెబుతున్న పాఠాన్ని ఆపి, మొదటి నుంచీ తెలుగులో చెప్పుకొచ్చాడు. "సార్, మిగతావి మరిచిపోయినా నేను పక్కనే ఉంటాను. ఊపిరి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ బిగబట్టకండి" అని హెచ్చరించి ఊరుకోకుండా, కారణం కూడా వివరించాడు. నీటిలో 10 మీటర్లు దిగేసరికి ఒంటి మీద పడే ఒత్తిడి ఒడ్డు మీద ఉన్నదానికి రెట్టింపవుతుంది. ఆ లోతులో గుండెల నిండా పీల్చిన గాలిని వదలకుండా పైకి వస్తే, ఒత్తిడి తగ్గే కొద్దీ ఆ గాలి రెండింతలు వ్యాకోచించాలని చూస్తుంది, అందుకు ఊపిరితిత్తులలో చోటు లేక అవి చిట్లే ప్రమాదం ఏర్పడుతుంది. బడిలో చదివిన బాయిల్ నియమం ఇదేనని పిల్లవాడు వెంటనే అందుకున్నాడు.

చెవుల పాఠం ఇంకా ఓపికగా సాగింది. దిగేటప్పుడు కర్ణభేరి మీద ఒత్తిడి తేడా మొదటి కొన్ని మీటర్లలోనే ఎక్కువగా తెలుస్తుంది కాబట్టి, నొప్పి మొదలయ్యేదాకా ఆగకుండా, దిగిన ప్రతిసారీ కొంచెం కొంచెంగా ముక్కు మూసి సుతారంగా గాలిని చెవుల వైపు నెట్టాలి. అప్పటికీ నొప్పి పుడితే కిందికి కాదు, కాస్త పైకి రావాలి. జలుబు ఉన్నవాళ్లకు ముక్కు నుంచి చెవికి గాలి వెళ్లే దారి మూసుకుపోయి ఉంటుంది కనుక ఆ రోజుకు డైవ్ మానుకోవలసిందే. సైగల విషయంలో పిల్లవాడికి కొంచెం తికమక కలిగింది. బొటనవేలు పైకెత్తితే నీటిలో 'పైకి పోదాం' అని అర్థం. బాగున్నామని చెప్పాలంటే బొటనవేలినీ చూపుడువేలినీ సున్నాలా కలిపి చూపాలి. వాడు సంతోషం పట్టలేక బొటనవేలు ఎత్తినప్పుడల్లా శిక్షకుడు వాడిని నిజంగానే నీటి పైకి తీసుకొచ్చి, నవ్వుతూ మళ్లీ దించాడు. సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్‌ను నోటి నుంచి తీసి, సన్నగా బుడగలు వదులుతూ, తిరిగి పెట్టుకుని అందులోని నీటిని ఊది పంపడం మాకు చేయి తిరిగేదాకా చేయించాడు.

పరికరాలు పాతవే అయినా బాగున్నాయి. వీపున మోసే సిలిండర్ ఒక్కటే పదిహేను కిలోలకు పైగా తూగుతుంది. అందులో ఉండేది ఆక్సిజన్ అని చాలామంది అనుకుంటారు గానీ, వడగట్టి, తేమ తీసి, సుమారు 200 బార్ల ఒత్తిడితో నింపిన మామూలు గాలే అది. గట్టున కూర్చుని మా ఫోన్లకు కాపలా కాస్తున్న బావగారికి వేరే సందేహం వచ్చింది: "ఇంతమంది నోట్లో పెట్టుకున్న ఎంగిలి గొట్టమేనా ఇది?" నిజం చెప్పాలంటే నాకూ అదే వచ్చింది. ప్రతి రెగ్యులేటర్‌నూ మా కళ్లముందే క్రిమిసంహారక ద్రవం కలిపిన బకెట్టులో ముంచి, మంచినీటిలో కడిగి ఇవ్వడంతో కొంత నెమ్మదించాం. అద్దానికి ఆవిరి పట్టకుండా మాస్కులో ఉమ్మి, రుద్ది, కడిగేయమన్నప్పుడు మాత్రం బావగారు ముఖం పక్కకు తిప్పుకున్నారు.

కోవళంలో పడవను అలల మీదుగా దాటించడం చూడవలసిన నేర్పు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు పెద్ద మరపడవలకు వేట నిషేధం ఉన్న రోజులవి. ఒడ్డున చిన్న ఫైబర్ పడవల సందడి మాత్రం తగ్గలేదు. జాలర్లు ఇద్దరు నడుము లోతు నీళ్లలో పడవను పట్టుకుని, రెండు పెద్ద అలలను పోనిచ్చి, మూడోది విరిగే లోపు నెట్టి ఎక్కేశారు. లోపల ఏడెనిమిది మీటర్ల దాకా దిగాం. నీరు ఆకుపచ్చగా, మసకగా ఉంది. ఇసుక, రాళ్లు, వాటి సందుల్లో చారల చేపల గుంపు ఒకటి కనిపించాయి. అండమాన్ ఫోటోలు మనసులో పెట్టుకుని వచ్చేవారు నిరుత్సాహపడతారు. పిల్లవాడి ఎర్ర చొక్కా దిగుతున్న కొద్దీ రంగు వెలిసి బూడిద కలిసిన గోధుమరంగులోకి మారడం మాత్రం నన్ను ఆశ్చర్యపరిచింది. ఎరుపును నీరు అన్నిటికంటే ముందుగా పీల్చేసుకుంటుందని చదివి ఉన్నాను గానీ, ఎదురుగా ఉన్న చొక్కా మీద అది జరుగుతుంటే చూడడం వేరు.

సముద్రంలో నాకు నచ్చనిది ఒకటే. పిల్లవాడిని తీసుకెళ్లిన రెండో శిక్షకుడి ఒక చేయి వాడి సిలిండర్ మీద, ఇంకో చేయి కెమెరా మీద ఉంది. తొలిసారి దిగిన పిల్లవాడి పక్కన రెండు చేతులూ ఖాళీగా ఉండవలసిన మనిషికి వీడియో బాధ్యత అప్పగించడం, ఆ వీడియోను నడి సముద్రంలో వెయ్యి రూపాయలకు బేరం పెట్టడం బాగాలేదు. వీడియో అమ్ముకోదలిస్తే కెమెరాకు వేరే మనిషిని పెట్టుకోవచ్చు.

వెళ్లదలచినవారు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, అంటే ఈశాన్య రుతుపవనాల కాలంలో, సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది కనుక ఆ నెలలు వదిలేయడం మేలు. పొద్దున్నే రెండు ఇడ్లీలతో సరిపెట్టుకోండి. పడవ ఊపు వడలూ పూరీలూ సహించదు. తిరుగు ప్రయాణం విమానమా, రైలా అని విశాఖ శిక్షకుడు అడగడం నాకు తృప్తినిచ్చింది, ఎందుకంటే ఒక్క డైవ్ చేసినా విమానం ఎక్కడానికి కనీసం 12 గంటలు ఆగాలని డైవింగ్ వైద్య నిపుణుల సూచన. మావాళ్లది పినాకినీ ఎక్స్‌ప్రెస్ కాబట్టి ఆ చిక్కు రాలేదు. ఈ డైవ్‌తో లైసెన్సు ఏదీ రాదు. అది కావాలంటే కొన్ని రోజుల ఓపెన్ వాటర్ కోర్సు చేయాలి, అప్పుడు 18 మీటర్ల దాకా అనుమతి ఉంటుంది. ఈ కేంద్రానికే వెళ్లేటట్లయితే, డబ్బు పంపే ముందే ఆరోగ్య పత్రాన్ని వాట్సాప్‌లో తెప్పించుకుని, ఏ ప్రశ్నకైనా 'అవును' అని రాయవలసి వస్తే మీ వైద్యుడి సంతకంతోనే బయల్దేరండి, తెలుగులో పాఠం చెప్పే శిక్షకుడు కావాలని బుకింగ్ రోజునే అడగండి.