పాత లారీ పవర్ స్టీరింగ్ మోత: పంపు మార్చకుండానే నడుస్తోంది

మాది చిత్తూరు. ఆరు చక్రాల పాత లారీ. మామిడి సీజన్‌లో తోతాపురి లోడ్లు, మిగతా రోజుల్లో బెల్లం, పలమనేరు వైపు దొరికితే టమోటా. పవర్ స్టీరింగ్ మోత పెడుతోందని రిపేరు చేయించాక రెండు మామిడి సీజన్లు గడిచాయి. రిపేరైన మర్నాడు ఏ బండైనా బాగానే ఉంటుంది కాబట్టి ఇన్నాళ్లు ఆగి రాస్తున్నాను.

మోత ఎలా ఉండేదంటే, పొద్దున స్టార్ట్ చేయగానే సన్నగా గుయ్‌మనేది. స్టీరింగ్ తిప్పితే అదే మూలుగై పెరిగేది. నేరుగా పోయేటప్పుడు పెద్దగా తెలిసేది కాదు. పల్ప్ ఫ్యాక్టరీ గేటు ముందు క్యూలో మాత్రం భరించలేకపోయేవాళ్లం. నిండు లోడు మీద ఇంజిన్ ఐడిలింగ్‌లో పెట్టి, జానెడు జానెడు జరుపుతూ, నిలబడ్డ చోటే చక్రాలు తిప్పాలి. అప్పుడు పవర్ స్టీరింగ్ పంపు నుంచి వచ్చే ఆయిలు తక్కువ, చక్రాలను తిప్పే స్టీరింగ్ బాక్సుకు కావలసిన ఒత్తిడి ఎక్కువ. పైన చిత్తూరు ఎండ సరేసరి. పక్క బండి డ్రైవర్లు తల బయటపెట్టి మా లారీ వైపు చూసేవాళ్లు.

మొదట చూపించిన షెడ్డులో బానెట్ కూడా తీయకుండా "పంపు పోయింది, కొత్తది తెచ్చుకో" అన్నారు. నాకు నమ్మకం కుదరలేదు. స్టీరింగ్ బరువెక్కలేదు, మోత ఒక్కటే. పంపు అరిగి ఒత్తిడి పడిపోతే ముందు చేతులకు తెలుస్తుంది కదా. బెల్టు అరుపు అనుకుందామా అంటే మా బండిలో పంపుకు బెల్టే లేదు, ఇంజిన్ గేరుతో తిరుగుతుంది.

వేలూరు రోడ్డులో ఒక పెద్ద మేస్త్రీ ఉన్నాడు, ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. ఇంజిన్ ఆడుతుండగానే ఆయిలు డబ్బా మూత తీసి, టార్చి లోపలికి కొట్టి, నన్నూ చూడమన్నాడు. ఎర్రగా, తేటగా ఉండాల్సిన ఆయిలు చిలికిన మజ్జిగలా నురగ కట్టి ఉంది. ఇంజిన్ ఆపించాడు. డబ్బాలో మట్టం చూస్తుండగానే పైకి లేచింది. "పంపుకేం కాలేదప్పా. గాలి పీలుస్తా ఉండాది" అన్నాడు.

డబ్బా నుంచి పంపుకు వెళ్లే హోసు పైపును వేళ్లతో వంచి చూపించాడు. క్లిప్పు కింద రబ్బరు గట్టిపడి వెంట్రుకల్లాంటి పగుళ్లు వేసింది. బయట ఒక్క చుక్క తడి లేదు. అదే నన్ను ఆశ్చర్యపరిచింది, కానీ కారణం తేలికే. ఆ పైపులో ఒత్తిడి ఉండదు, పంపు అక్కడి నుంచి ఆయిలును లాక్కుంటుంది. పగులుంటే ఆయిలు బయటికి కారడానికి బదులు గాలి లోపలికి పోతుంది. ఆయిలు నొక్కితే కుదించుకోదు, గాలి కుదించుకుంటుంది. ఆ బుడగలు పంపు లోపల ఒత్తిడికి పగిలిపోతూ ఉండటమే మనకు వినిపించే మోత. అలాగే వదిలేస్తే పంపు లోపల ఆయిలును తోసే రేకులు (వేన్లు), వాటి చుట్టూ ఉండే రింగు గుంటలు పడి, చివరికి పంపు నిజంగానే పోతుంది.

డబ్బాలోని ఫిల్టరు కూడా నల్లటి జిగురుతో మూసుకుపోయి ఉంది. అది మూసుకుపోయినా ఆయిలు సరిగా తిరగక మోత రావచ్చు.

చేసిన పని ఇంతే: ఆయిలుకు తట్టుకునే కొత్త సక్షన్ హోసు (పంపు ఆయిలు లాక్కునే ఆ పైపే), కొత్త క్లిప్పులు, ఫిల్టరు, విప్పిన ప్రతి జాయింటుకు కొత్త వాషరు, పాత ఆయిలు మొత్తం దించి కొత్తది. మా బండి పుస్తకంలో ఉన్నది ఏటీఎఫ్ (ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్) అనే ఎర్ర ఆయిలు, అదే పోశాం. మీ బండికి ఏది రాసుందో చూసుకోండి, రెండు రకాలు కలపకండి. ఖర్చు పంపు ధరలో పదోవంతు కూడా కాలేదు.

గాలి తీయడమే అసలు ఓపిక పని. ముందు చక్రాలు జాకీ మీద లేపి, ఇంజిన్ ఆపి ఉంచి, స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు నిదానంగా తిప్పాలి. మట్టం తగ్గినప్పుడల్లా ఆయిలు పోస్తూ ఉండాలి. డబ్బాలో బుడగలు ఆగాకే స్టార్ట్ చేసి, రేస్ చేయకుండా మళ్లీ తిప్పాలి. కొందరు తొందరపడి ఆయిలు పోయగానే స్టార్ట్ చేసి రేస్ చేస్తారు, నురగ మళ్లీ మొదటికొస్తుంది.

ఇన్నాళ్ల వాడకంలో నా మాట: మోత తిరిగి రాలేదు. మొగిలి ఘాట్ మలుపుల్లో లోడుతో దిగేటప్పుడు చేతికి అదే తేలిక. క్యూలో కూడా మూలుగు లేదు. పూర్తిగా చివరికి తిప్పి పట్టుకుంటే మాత్రం బుస్సుమంటుంది. అది ఒత్తిడి మరీ పెరిగితే ఆయిలును వెనక్కి వదిలే రిలీఫ్ వాల్వు తెరుచుకునే శబ్దం, ఇలా ఆయిలుతో నడిచే స్టీరింగుల్లో మామూలే. అక్కడ నాలుగైదు సెకన్లకు మించి పట్టి ఉంచకూడదు, ఆయిలు కాగిపోతుంది. మా డ్రైవర్‌కు ఈ ఒక్కటి అలవాటు చేయడానికే ఎక్కువ కాలం పట్టింది.

నచ్చనివీ ఉన్నాయి. మొదట వేసిన క్లిప్పు చవకది, వేడికి వదులై సన్నగా నురగ కనిపించింది. వెడల్పు పట్టీ ఉన్నది వేశాక ఆగింది. షాపుల్లో లీకు ఆపే మందని చిన్న బాటిల్ అంటగట్టాలని చూస్తారు. సీళ్లను మెత్తబరిచే సరుకు, నేను పోయలేదు. పంపు నుంచి బాక్సుకు వెళ్లే ప్రెషర్ పైపు పోతే మాత్రం అతుకులు, కట్లు వద్దు. లారీ టైరులో గాలి ఎనిమిది బార్ దగ్గర ఉంటుంది, ఆ పైపులో వంద బార్ దాటుతుంది. చివర్లు కంపెనీలోనే మెషిన్‌తో నొక్కి బిగించినదే (కంపెనీ ప్రెస్సింగ్) కొనండి.

ఇంకోటి, స్టీరింగ్‌లో ప్లే (చక్రాలు కదలకుండా స్టీరింగ్ ఊరికే ఆడటం) ఉందని బాక్సు మీద స్క్రూ బిగించేస్తుంటారు. మోతకూ దానికీ సంబంధం లేదు. ఎక్కువ బిగిస్తే మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను నేరుకు రాదు. ముందు బాక్సు నుంచి చక్రాలకు కలిపే రాడ్ల జాయింట్లు, అంటే డ్రాగ్ లింకు, టై రాడ్ ఎండ్లు చూపించుకోండి.

మా బాక్సు కింద పిట్‌మన్ ఆర్మ్ (బాక్సు నుంచి బయటికొచ్చి రాడ్లను కదిపే చెయ్యి) దగ్గర సీలు ఇంకా చెమ్మగిల్లుతోంది. అప్పుడే మార్చేద్దామన్నాడు మేస్త్రీ, కానీ బాక్సు దించితే బండి నిలిచిపోతుంది. కాయ కోతలు అయ్యాక, ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు) వెళ్లే ముందు ఆ పని చేయిస్తాను.