వెబ్లీ అండ్ స్కాట్ 700: నగిషీ కాదు, ముందు బారెళ్లు చూడండి

పాత ఇంగ్లిష్ డబుల్ బారెల్ షాట్‌గన్ (రెండు గొట్టాల గుళ్ల తుపాకీ) చేతికందగానే ఎవరి కళ్లైనా యాక్షన్ (పేల్చే యంత్రాంగం ఉండే మధ్య లోహభాగం) మీది నగిషీకి అతుక్కుపోతాయి. ధర కూడా దాన్నిబట్టే పెరుగుతుంది. వెబ్లీ 700, 12 బోర్ ఎజెక్టర్‌ని (కాల్చిన తూటాలను తానే బయటికి విసిరే రకం) చాలాకాలంగా వాడుతున్న నా లెక్కలో మాత్రం డబ్బు పెట్టాల్సింది బారెళ్ల మీద. నగిషీ లేకపోయినా తుపాకీ పేలుతుంది. లోహం పలచబడ్డాక మాత్రం దాన్ని తిరిగి తేలేం.

ఈ మోడల్ రెండో ప్రపంచ యుద్ధానంతర కాలం నుంచి 1979 దాకా బర్మింగ్‌హామ్‌లో తయారైంది. లోపలిది 1875 నాటి ఆన్సన్-డీలీ బాక్స్‌లాక్ (యంత్రాంగమంతా యాక్షన్ లోపలే ఉండే రకం). భాగాలు తక్కువ, ఉన్నవి దృఢం. అందుకే సైడ్‌లాక్‌తో (యంత్రాంగం పక్క పలకల మీద ఉండే రకం) పోలిస్తే దీని రిపేరు ఖర్చు చాలా తక్కువ.

కొనేముందు బారెళ్లు విప్పి ప్రూఫ్ ముద్రలు (బారెల్ పీడనాన్ని తట్టుకుంటుందని పరీక్షించి కొట్టే గుర్తులు) చదవండి. 1954 తర్వాతి వాటిలో బోర్ (బారెల్ లోపలి రంధ్రం) వ్యాసం (సాధారణంగా .729 అంగుళం), ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) పొడవు, చదరపు అంగుళానికి టన్నుల్లో పీడనం కొట్టి ఉంటాయి. బ్రీచ్ (బారెల్ వెనక కొస) నుంచి 9 అంగుళాల దగ్గర బోర్ కొలవాలి. ముద్రలో ఉన్నదానికంటే .010 అంగుళం మించి పెరిగితే ప్రూఫ్ పోయినట్టే. మళ్లీ ప్రూఫ్ చేయించకుండా బ్రిటన్‌లో అమ్మకూడదు. బోర్ ఒక్కటీ సరిపోదు, గోడ మందం కూడా కొలిపించాలి. ఎక్కడైనా .020 అంగుళం కంటే తగ్గితే నేను తీసుకోను. అద్దంలా మెరిసే బోర్ చూసి మురిసిపోవద్దు: తుప్పు గుంటలు పోవడానికి లోపల రుద్దించి ఉండొచ్చు, ఆ మెరుపుకు ధర గోడ మందమే.

తర్వాత ఫోరెండ్ (బారెళ్ల కింద ఎడమచేత్తో పట్టుకునే కొయ్య) తీసేసి, బారెళ్లు మూసి, గట్టిగా అటూ ఇటూ ఊపండి. కదలిక తెలిస్తే హింజ్ అరిగింది. బారెళ్లను విడిగా వేలాడదీసి వేలి కణుపుతో తట్టండి. గంటలా మోగాలి, మొద్దు శబ్దం వస్తే రిబ్ (బారెళ్లను కలిపే పట్టీ) టంకం ఎక్కడో ఊడింది. యాక్షన్ వెనక స్టాక్ కొయ్యలో సన్నటి చీలికలుంటే నూనె ఇంకి కొయ్య మెత్తబడిందేమో అనుమానించండి. అందుకే నేను తుపాకీని ఎప్పుడూ మూతి కిందికి పెట్టి నిలబెడతాను.

ఎక్కువ మందిని మోసం చేసేది తూటా పొడవు. పెట్టె మీద రాసే 70 మి.మీ. కాల్చాక తెరుచుకున్న పొడవు. కాల్చకముందు అంచు మడిచి ఉంటుంది కాబట్టి 65 మి.మీ. ఛాంబర్‌లో హాయిగా పట్టేస్తుంది. కాల్చినప్పుడు ఆ మడత ఛాంబర్ ముందున్న ఇరుకు భాగంలోకి విచ్చుకుని దారి మూస్తుంది, పీడనం ఎగబాకుతుంది. నా ఛాంబర్లు రెండున్నర అంగుళాలవి. అందుకే 65 మి.మీ., 28 గ్రాముల గుళ్లు, ఫైబర్ వ్యాడ్ (మందుకీ గుళ్లకీ మధ్య నార అడ్డు) తప్ప వేరేది వేయను. ఆంధ్ర, తెలంగాణల్లో లైసెన్సుతో పాత బర్మింగ్‌హామ్ తుపాకులు ఉంచుకున్నవాళ్లూ తూటా కొనేముందు ఛాంబర్ ముద్ర చూసి తీరాలి.

వాడకంలో నచ్చింది రెండు ట్రిగ్గర్లు. ముందుది కుడి బారెల్, వెనకది ఎడమ బారెల్. చోక్‌ల (బారెల్ మూతి దగ్గరి ఇరుకు) తేడా ఒక్క వేలితో ఎంచుకోవచ్చు. నచ్చనిది ఆటోమేటిక్ సేఫ్టీ: తెరిచిన ప్రతిసారీ దానంతటదే పడుతుంది. క్లే టార్గెట్ల (గాల్లోకి విసిరే బిళ్లలు) దగ్గర వరుసగా కాలుస్తుంటే సన్నటి ఫోరెండ్ దాటి వేళ్లు బారెల్‌కి తగిలి కాలతాయి. తోలు తొడుగు కొనుక్కోవడం మేలు.

విప్పి ఉన్నప్పుడు ట్రిగ్గర్ నొక్కొద్దు. హామర్లు (తూటాను పేల్చే లోపలి భాగాలు) పడిపోతే తుపాకీని తిరిగి బిగించడం కష్టం. పొరపాటున పడితే యాక్షన్ ముందు పొడుచుకొచ్చిన రెండు కాకింగ్ లీవర్ల (హామర్లను ఎక్కుపెట్టేవి) కొసలను కొయ్య బల్ల అంచుకి ఒక్కొక్కటిగా ఆనించి కిందికి నొక్కండి, టక్కుమంటాయి. ఫోరెండ్‌లోని ఎజెక్టర్ హామర్లకూ దాదాపు ఇదే వైద్యం. సుత్తి ముట్టుకోవద్దు. స్క్రూల గాడి చాలా సన్నం, మామూలు స్క్రూడ్రైవర్ పెడితే అంచులు చెడతాయి. దానికి సరిపడేలా కొస అరగదీసినదే వాడాలి. ఖాళీ తూటాలు రెండూ ఒకే దూరం ఎగరాలి, ఒకటి దగ్గరగా పడుతుంటే ఆ వైపు స్ప్రింగ్ బలహీనపడుతోంది.

ఇకపై కొనేవాళ్లకి సీసం సంగతి ముఖ్యం. సీసం గుళ్లను దశలవారీగా ఆపేయాలని బ్రిటన్ ప్రభుత్వం 2025లో ప్రకటించింది. పలచటి గోడలు, బిగువైన చోక్ ఉన్న ఇలాంటి బారెళ్లలో ఉక్కు గుళ్లు నేను వేయను. బిస్మత్ అనే లోహం మెత్తన, ఉక్కుకంటే బరువు, సీసంకంటే కాస్త తేలిక; కాబట్టి గుండు సైజు ఒక మెట్టు పెంచి వాడతాను. ధర బాగా ఎక్కువే, ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకుని బేరమాడండి.