తడిసిన వ్యాన్ గోడ: రెసిన్ పూయాలా, కోసి మార్చాలా?

పాత క్యాంపర్ వ్యాన్ కిటికీ కింద ప్లైవుడ్ ఉబ్బితే, ముందు నీళ్లు దిగుతున్న కిటికీ రబ్బరు మార్చి, ఆ ఉబ్బును స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. మొన పైపైనే ఆగితే ఫైబర్ మ్యాట్ (గాజు నారల పరుపు), రెసిన్ (ఆరితే గట్టిపడే జిగురు ద్రవం) చాలు. ఖర్చు తక్కువ, ఇంట్లోనే అయిపోతుంది. కానీ చెక్క తడిగా ఉండగా పూస్తే కుళ్లు లోలోపలే పాకుతుంది. వానాకాలంలో చెక్క ఆరదు. వరంగల్ మే ఎండలు ఇందుకైనా పనికొస్తాయి! పూత మాత్రం నీడలోనే. వేడికి హార్డెనర్ (గట్టిపరిచే రసాయనం) కలిపిన రెసిన్ డబ్బాలోనే గడ్డకడుతుంది.

మొన వెన్నలోకి దిగినట్టు దిగితే మాత్రం కోసి మార్చడమే. గట్టి చెక్క తగిలేదాకా కోసి, ఐఎస్ 710 (భారత ప్రమాణం) ముద్ర ఉన్న, నీటిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ వేయాలి. మామూలు ఎంఆర్ రకం (కొద్దిపాటి తేమనే తట్టుకునేది) తడికి ఆగదు. కోసిన అంచులకు రెసిన్ పట్టించాలి, నీళ్లు పీల్చేది అక్కడే. శ్రమ ఎక్కువే, అయినా నా ఓటు దీనికే. బయటి రేకు పని మాత్రం ఆటోనగర్‌లో బాడీ పనివాళ్లకు ఇచ్చేయండి.