బెంగళూరు మారతహళ్లి వైపు వృద్ధుల కేర్ హోమ్: గదులు బాగు, మందుల లెక్క అధ్వానం (5కి 2)

గాలీ వెలుతురూ వచ్చే గదులు, వేళకు భోజనం, అడిగితే రాగిసంకటి కూడా చేసిపెడతారు. వాటికి వంక పెట్టేదేమీ లేదు. నర్సుల గదిలో మందుల అలమర తెరిపించి చూస్తేనే గుండె జారుతుంది.

ఇక్కడ మాత్రలన్నీ స్ట్రిప్పుల్లోంచి వొలిచి ప్లాస్టిక్ డబ్బాల్లో పోస్తారు. బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ అక్కడితో పోయినట్టే. రాత్రి 9 గంటల మాత్రకు చార్టులో సాయంత్రం 6కే టిక్కు పడి ఉంది. ఆందోళన తగ్గడానికి వేసే ఆల్ప్రాజోలం మాత్రలు రోజుకొకటి చొప్పున 30 ఇస్తే 12 రోజులకు 18 మిగలాలి. డబ్బాలో 13 ఉన్నాయి. చార్టులో మాత్రం ఒక్క పూటా తేడా లేదు.

అయిదు తగ్గినంత మాత్రాన దొంగతనమే అనలేం. డాక్టరు డోసు పెంచి ఉండొచ్చు, కింద పడితే పారేసి ఉండొచ్చు, పక్క మంచం వాళ్లకు సర్ది ఉండొచ్చు. ఏది జరిగినా చార్టులో రాసి తీరాలి.

అనుమానం వస్తే ముందు ఆ మందు వాడే మనిషిని చూడండి. రోజూ వేసుకునే ఆల్ప్రాజోలం ఉన్నట్టుండి ఆగితే వణుకు, కంగారు, ఒక్కోసారి ఫిట్స్ వస్తాయి. డాక్టరుకు ఆ రోజే చెప్పాలి. చిత్తూరు, అనంతపురం నుంచి వచ్చిన పెద్దవాళ్లు "రాత్రి మాత్ర ఇయ్యలే" అని తెలుగులో చెబితే ఇక్కడి నర్సులకు అర్థం కాదు. అది మీరే అడిగి తెలుసుకోవాలి.

తర్వాత డ్యూటీ నర్సు ఎదుటే మాత్రలు లెక్కపెట్టి, తేదీ, టైము వేసి ఇద్దరూ సంతకాలు చేయండి. డబ్బా, చార్టు, మందుల బిల్లు ఫోటో తీసుకోండి. ఆయాను పక్కకు పిలిచి నిలదీయొద్దు. తప్పు ఆమెది కాకపోతే అన్యాయం, ఆమెదే అయితే తెల్లారేసరికి ఆధారాలు ఉండవు. మేనేజరుకు ఈమెయిల్ పెట్టండి: మందు పేరు, ఎన్ని ఉండాలి, ఎన్ని ఉన్నాయి, ఏ తేదీల మధ్య తగ్గాయి. ఎవరి పేరూ ఎత్తొద్దు. ఈ హోమ్‌లో "చూస్తాం లెండి" అన్నారు, కొత్త స్ట్రిప్పు తెచ్చిచ్చారు, రాతలో మాత్రం జవాబు ఇవ్వలేదు. మార్కులు పోయింది ప్రధానంగా ఇక్కడే.

జవాబు రాకపోతే అవే కాగితాలతో పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. పోయింది ట్రమడాల్ అనే నొప్పి మాత్ర అయితే ఆ మాట ఫిర్యాదులో స్పష్టంగా రాయండి, 2018 నుంచి అది మత్తుమందులపై ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి వస్తుంది. దారి తెలియకపోతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు చేయొచ్చు, డబ్బు పడదు.

క్యాన్సర్ నొప్పికి ఒంటికి అంటించే ఫెంటనిల్ మందు ప్యాచ్ వాడేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. సాధారణంగా 3 రోజులకోసారి మారుస్తారు. తీసేసిన ప్యాచ్‌లోనూ మందు మిగిలే ఉంటుంది, కాబట్టి పాతవి కూడా లెక్క అప్పగించాలి. వీళ్ల రిజిస్టరులో దానికి గడే లేదు.

ఇక్కడే చేర్చక తప్పకపోతే, స్ట్రిప్పులు వొలవకుండా అలాగే ఉంచుతామని, వారానికోసారి మీ ఎదుట లెక్కపెడతామని అడ్వాన్స్ కట్టే ముందే రాయించుకోండి.