బేస్ క్లెఫ్ కార్డులు చూడకుండా డబ్బు కట్టకండి

పిల్లలకు సంగీత థియరీ నేర్పడానికి అచ్చు వేసుకునే ఆటల ఫైళ్లు కొనబోతున్న పియానో టీచర్లు, తల్లిదండ్రులు డబ్బు కట్టే ముందు ఇది చదవండి.

నేను ఇంటి దగ్గర పదకొండు మందికి పియానో చెబుతాను. ఎక్కువ మంది లండన్ సంస్థలైన ట్రినిటీ, ఏబీఆర్‌ఎస్‌ఎం పెట్టే గ్రేడు పరీక్షలకు వెళ్లేవాళ్లే. వాయించమంటే హుషారుగా వాయిస్తారు, థియరీ పుస్తకం తీయగానే ఆవులింతలు. అందుకే పోయిన నెల ఆన్‌లైన్ దుకాణం ఒకదానిలో 1,199 రూపాయలు పెట్టి ‘వంద ఆటల’ కట్ట కొన్నాను. బింగో, డామినోలు, జత కలిపే కార్డులు, స్వరాలతో వైకుంఠపాళి కూడా ఉన్నాయన్నారు. నమూనాగా చూపిన రెండు పేజీలు ముచ్చటగా ఉన్నాయి. రెండూ ట్రెబుల్ క్లెఫ్‌వే. (క్లెఫ్ అంటే ఐదు గీతల మొదట్లో వేసే గుర్తు, ఏ గీత మీద ఏ స్వరమో అదే చెబుతుంది. హెచ్చు స్వరాలకు ట్రెబుల్, తగ్గు స్వరాలకు బేస్.) అనుమానం అక్కడే రావలసింది, రాలేదు.

లెక్కపెడితే ఆటలు ముప్పై ఒకటి. మిగిలినవన్నీ రంగు మార్చిన అవే ఆటలు. పోనీలే అనుకుని నలభై రెండు పేజీలు రంగుల్లో అచ్చు వేయించి లామినేషన్ చేయించాను. జిరాక్స్ షాపు బిల్లు 1,470. ఫైలు ధర కన్నా ఎక్కువ!

వారం తిరగకుండానే అసలు సంగతి బయటపడింది. తొమ్మిదేళ్ల పిల్లవాడు బేస్ క్లెఫ్ కార్డు చూసి, కింది నుంచి రెండో గీత మీది స్వరాన్ని ‘బి’ అన్నాడు. కార్డు వెనక ‘జి’ అని ఉంది. వాడు నా ముఖంలోకి చూశాడు, నేను కార్డు వైపు చూశాను. వాడు చెప్పిందే సరి. ట్రెబుల్‌లో ఆ గీత జి, బేస్‌లో బి. నడిమి గీత అక్కడ బి, ఇక్కడ డి. ట్రెబుల్ కార్డుల మీద క్లెఫ్ బొమ్మ ఒక్కటే మార్చి, జవాబులు అలాగే వదిలేశారు. బేస్ కార్డులన్నీ ఇదే వరస. అప్పటికే ఒక పాప వాటిని ఇంటికి తీసుకెళ్లి వాళ్ల తాతయ్యతో రోజూ ఆడేస్తోంది. పుస్తకంలో చదివినది మరచిపోతారేమో గాని, గెలుపు కోసం పదిసార్లు అరచి చెప్పినది మరచిపోరు. ఆ తప్పు వదిలించడానికి నాకు మూడు వారాలు పట్టింది.

కీబోర్డు బొమ్మ మరీ ఘోరం. నల్ల మెట్లు రెండు, మూడు చొప్పున గుంపులుగా ఉండాలి కదా? ఇందులో అన్నీ మూడేసి. ‘రెండు నల్ల మెట్ల జంటకు ఎడమ పక్కనున్న తెల్ల మెట్టే సి’ అని చెబుతాం. జంటే లేకపోతే సి ఎక్కడ వెతుకుతారు? బొమ్మ గీసినవాళ్లు ఎవరో గాని, పియానో ముఖం చూసి ఉండరు.

కార్డుల మీద క్వార్టర్ నోట్ అని ఉండటం తప్పు కాదు, అది అమెరికా వాడుక. కానీ అదే గుర్తుకు మన పిల్లలకు అలవాటైన పేరు క్రాచెట్, అది బ్రిటన్ వాడుక. పేజీలు కూడా అమెరికా లెటర్ కొలతవే. వెడల్పు 216 మిల్లీమీటర్లు, మన ఏ4 అయితే 210. కుదించకుండా వేస్తే అంచులు తెగుతాయి.

డబ్బు తిరిగి అడిగితే ‘డిజిటల్ సరుకు వాపసు ఉండదు’ అన్నారు. సరిచేసిన ఫైలు పంపుతామన్నారు, ఇంతవరకు రాలేదు.

కాబట్టి ముందుగా బేస్ క్లెఫ్ పేజీని, దాని జవాబుల పేజీని చూపించమని అడగండి. చూపించకపోతే కొనకండి. నమూనాను తెరమీద నాలుగింతలు పెంచి చూడండి, ఐదు గీతలు చెదిరిపోతే కాగితం మీద కూడా అంతే. పిల్లల ఇళ్లకు ప్రతులు ఇవ్వడానికి అనుమతి ఉందో లేదో కూడా అడగండి, కొన్ని ఫైళ్లు కొన్నవారి వాడకానికే. అన్నీ కుదిరినా, లామినేషన్‌కు ఇచ్చే ముందు ప్రతి కార్డూ ఒకసారి మీరే వాయించి చూడండి.

నిన్న చూస్తే అదే కట్ట కొత్త అట్టతో, ‘ప్రత్యేక తగ్గింపు’ పేరుతో 799 రూపాయలకు అమ్మకానికి ఉంది. నమూనా పేజీలు రెండే. రెండూ ట్రెబుల్ క్లెఫ్‌వే.