బంగారు ఆపిల్ వాచీ, ట్యాగ్ హోయర్ కనెక్టెడ్: ఏ ధరలో న్యాయం ఉంది?

2015 ఏప్రిల్‌లో ఆపిల్ తన మొదటి వాచీలోనే 18 క్యారెట్ల బంగారు రకాన్ని తెచ్చింది. ధర 10,000 నుంచి 17,000 డాలర్లు. అదే ఏడాది నవంబరులో స్విస్ సంస్థ ట్యాగ్ హోయర్ టైటానియం కేసుతో ‘కనెక్టెడ్’ అనే స్మార్ట్‌వాచీని 1,500 డాలర్లకు అమ్మకానికి పెట్టింది.

బంగారు వాచీ లోపల కొట్టుకునేది 349 డాలర్ల అల్యూమినియం వాచీలో ఉన్న ఎస్1 చిప్పే. మన ఇళ్లలో పాత గాజులు కరిగించి కొత్త నగ చేయించుకుంటాం, బంగారం విలువ ఎక్కడికీ పోదు. ఈ వాచీలో బంగారం పాతబడదు కానీ చిప్పు పాతబడుతుంది. 2018లో వచ్చిన వాచ్‌ఓఎస్ 5, అంటే ఆపిల్ వాచీని నడిపే కొత్త సాఫ్ట్‌వేర్, మొదటి తరం వాచీలకు అందలేదు. వేల డాలర్లు పోసి కొన్నవారికీ అదే గతి. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది.

చిప్పుకు ఆయుష్షు తక్కువని ట్యాగ్ హోయర్ ముందే లెక్కలో వేసుకుంది. రెండేళ్ల వారంటీ ముగిశాక కనెక్టెడ్‌ను తిరిగిచ్చి, మరో 1,500 డాలర్లు కడితే మెకానికల్ కరేరా వాచీ ఇస్తామంది. విప్పి, శుభ్రం చేసి, నూనె వేస్తే దశాబ్దాలు నడిచే యంత్రం అది. ఖరీదు ఎక్కువే అయినా, నా ఓటు దీనికే.

2016 సెప్టెంబరులో ఆపిల్ బంగారాన్ని వదిలేసి, సిరామిక్ ఎడిషన్‌ను 1,249 డాలర్లకు తెచ్చింది.