మిర్చి కొట్టులో మంచి యజమానా, కరకు యజమానా?

గుంటూరు మిర్చి యార్డులో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సరుకు ముంచెత్తుతుంది. అప్పుడు హమాలీలు తమను మంచిగా చూసే యజమాని కొట్టుకే ముందు వస్తారు. అంతకంటే పెద్ద లాభం ఇంకోటి ఉంది: తేమ ఉన్న టిక్కీలు (మిర్చి బస్తాలు) కోల్డ్ స్టోరేజీకి వెళ్లబోతుంటే గుమస్తా అతనికి భయపడకుండా చెబుతాడు. కరకు యజమానికి చెప్పడు. నెలల తర్వాత టిక్కీ విప్పితే బూజు, రంగు పోయిన కాయ, పడిపోయిన ధర.

వసూళ్లలో మాత్రం కరకువాడిదే పైచేయి. మంచివాడు వ్యాపారులకు అరువు కాదనలేడు. 15 రోజుల గడువు రెండు నెలలవుతుంది. అయినా మా ఓటు మంచివాడికే, ఒక షరతు మీద: ఒక్కో వ్యాపారికి అరువు ఎంతవరకో సీజనుకు ముందే కాగితం మీద రాసి, వసూలు పని గుమస్తాకు అప్పగించాలి. తప్పు జరిగితే లోపలికి పిలిచి చెప్పాలి, కాటా దగ్గర రైతుల ముందు కాదు. హమాలీ కూలి ఏ రోజుది ఆ రోజే ఇచ్చేయాలి.